నలభయ్యో వంతు

మొదటి ఆర్నెల్లూ నేను ఒట్టి స్టాండునే.
కర్ర చివర ఫ్లాష్ కట్టుకుని
పెళ్లికూతురికి ఎడమ పక్క నిలబడి
"ఓబీ, ఇంకొంచెం ఎత్తు" అంటే ఎత్తేదాన్ని.
ఓబులమ్మ అన్న పేరు మారిసెల్ నోట్లో పట్టలేదు,
సగం విరిచి జేబులో వేసుకుంది.

ఫర్వానియాలో ఆడవాళ్ల పెళ్లి హాలు.
గుమ్మంలోనే ఫోన్లన్నీ సంచుల్లో వేసి సీలు వేస్తారు.
లోపల బొమ్మ తీసే హక్కు మారిసెల్ ఒక్కదానిదే.
కర్ర పట్టుకునే హక్కు నాది.
పగలంతా ఇస్త్రీ పెట్టె,
గురువారం రాత్రి వెలుగు మోసే కూలి.

"నేర్చుకుంటావా?" అని ఒక రోజు
పాత ఫ్లాష్ ఒకటి చేతిలో పెట్టింది.
బ్యాటరీ మూత లేదు, రబ్బరు బ్యాండే మూత.
మా గదిలో, పై మంచం నీడన,
ఎర్రగడ్డ నా మొదటి పెళ్లికూతురు.
సూటిగా కొడితే
దాని మొహానికి సున్నం పూసినట్టయింది,
వెనక గోడ మీద నీడ
దొంగతనంలో దొరికినట్టు నిలబడింది.
ఫ్లాష్ తల పైకి తిప్పి కప్పును కొట్టాను.
వెలుగు అక్కడ చెదిరి
జల్లెడలోంచి పిండిలా దిగింది.
పొర పొరా కనబడింది.

మా అత్త గుర్తొచ్చింది.
ఆయమ్మ నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు.
గోడతో అనేది.
గోడ నాకు చెప్పేది.

గోడను కూడా నమ్మకూడదని తర్వాత తెలిసింది.
హాల్లో ఆకుపచ్చ గోడకు కొట్టి
పెళ్లికూతురి చెంపకు పసరు పూశాను.
మారిసెల్ ఏమీ అనకుండా చెరిపేసింది.
ఇంకోసారి వేగం నాలుగొందలు పెట్టాను,
బొమ్మ సగం నల్లగా వచ్చింది.
కెమెరా కడుపులో రెండు తెరలుంటాయట,
రెండోది దిగుతుండగా మెరిస్తే
సగం గదికే దీపం.
"రెండొందలు దాటొద్దు" అంది.
దూరం లెక్క మాత్రం నేనే కట్టుకున్నా:
బారెడు దూరానికి రూపాయి వెలుగైతే
రెండు బారలకు పావలా,
మూడు బారలకు రెండణాలు కూడా రాదు.
ఇంటికి డబ్బు పంపేదానికి
ఇది కొత్త లెక్కేం కాదు.

అన్నీ కుదిరాక ఒకటి కుదరలేదు.
పెళ్లికూతురు ముత్యంలా ఉంది,
ఆమె వెనకంతా బావి.
ఆ బావిలో సిఫోరా ఉంది, బఖూరు పొగ తిప్పుతూ.
కుసుమావతి ఉంది, పళ్లెంలో ముప్పై టీ గ్లాసులతో.
నా కంటితో చూశాను కదా,
బొమ్మలో ఎందుకు లేరు?
వెలుగు వాళ్ల దాకా పోదు.
తెర వాళ్ల కోసం ఆగదు.

మారిసెల్‌కు మోకాలు పట్టేసిన రాత్రి
కెమెరా నా మెడలో పడింది.
చక్రం వెనక్కి తిప్పాను,
నూటఇరవై, అరవై...
నలభై దగ్గర ఆపాను.
మెరుపు పెళ్లికూతుర్ని ఉన్నచోటే నిలిపింది.
తెర ఇంకాస్త సేపు తెరుచుకునే ఉంది,
ఆ సందులోంచి హాలు దీపాల పసుపు
మెల్లగా లోపలికి కారింది.
పొగ మెలిక తిరుగుతోంది.
కుసుమావతి పళ్లెంలోంచి
ఒక ఖర్జూరం దొంగిలిస్తోంది.
అది చూసి సిఫోరా నవ్వుతూ తల తిప్పింది,
ఆ తిప్పడంలో చెంప కాస్త అలికినట్టయింది.

మారిసెల్ తెర మీద చాలాసేపు చూసింది.
"వెనక ఊగింది" అంది.
చెరపలేదు.

రెండింటికి కార్డు తీసి, లెక్క ప్రకారం,
పెళ్లికూతురి తల్లికిచ్చేశాం.
నా దగ్గర మిగిలిందేం లేదు.
వ్యానులో సిఫోరా నా పక్కనే,
జుట్టంతా బఖూరు వాసన.
"ఈ రాత్రి నిన్ను తీశాను" అన్నా.
"ఏదీ?" అంది.
చూపించడానికి ఏముంది?
నాలుగు వేళ్లు చూపించి
తర్వాత సున్నా చుట్టాను.

"నలభై దినార్లిచ్చారా!" అని
నిద్రపోతున్న వాళ్లందర్నీ లేపింది.